మద్రాసులో దొరికిన నల్లటి గ్రహశకలం సిల్వియా: మీ డాబా మీద నుంచే దాని ఆకారం కనిపెట్టడం ఎలా?

87 సిల్వియా అనే గ్రహశకలం పేరు మీరు విని ఉండకపోవచ్చు. కానీ అది మన పక్కనే దొరికింది. 1866 మే 16న, మద్రాసు నుంగంబాకంలోని వేధశాలలో నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. అప్పటికి ఫోటోలతో గ్రహశకలాలు వెతికే పద్ధతి ఇంకా రాలేదు, టెలిస్కోప్‌కి కన్ను ఆనించి, చేత్తో గీసుకున్న నక్షత్రాల పటంతో ఆకాశాన్ని పోల్చి, పటంలో లేని చుక్క ఏదైనా ఉందా అని చూడటమే. ఆ వేధశాల 1792లో కట్టినప్పుడు నిలబెట్టిన గ్రానైట్ స్తంభం మీద తమిళంతో పాటు తెలుగులో కూడా రాత చెక్కి ఉంటుంది, ఆ స్తంభం ఇప్పటికీ అక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలోనే ఉంది, చెన్నై వెళ్ళినప్పుడు కుదిరితే చూసి రండి.

సిల్వియా చాలా నల్లటిది. దాని మీద పడిన సూర్యకాంతిలో నాలుగైదు శాతం మాత్రమే వెనక్కి వస్తుంది. సగటున 270 కిలోమీటర్ల వ్యాసం ఉన్నా మనకు మసకగా కనిపించడానికి ఒక కారణం ఈ నలుపు, రెండోది దూరం: కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీలో బాగా బయటి అంచున, సూర్యుడికి సగటున 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని పి-రకం అంటారు. సౌరకుటుంబం పుట్టినప్పటి ముడిసరుకు పెద్దగా కాలిపోకుండా, కరిగిపోకుండా మిగిలిన వాటిలో ఇలాంటివి ముఖ్యమైనవి, ఇవి ఇంకా చాలా దూరంలో, తోకచుక్కలు పుట్టే చలి ప్రాంతాల్లో తయారై తర్వాత లోపలికి వచ్చి ఉంటాయని చాలామంది అభిప్రాయం. సాంద్రత నీటికంటే కొంచెమే ఎక్కువ, ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాముల లోపే.

ఇక మన పని ఏమిటంటే, దీన్ని ఒక రాత్రంతా ఫోటోలు తీసి, వెలుగు ఎలా పెరిగి తగ్గుతోందో కొలిచి, అది గుండ్రంగా ఉందా పొడుగ్గా ఉందా, ఎంత పొడుగ్గా ఉంది అన్నది మనమే తేల్చడం. ఎంత మంచి టెలిస్కోప్ ఉన్నా ఇంటి నుంచి అది చుక్కలాగే కనిపిస్తుంది. అయినా ఆ చుక్క నుంచే ఆకారం రాబట్టవచ్చు. దీనికి సిల్వియానే ఎందుకు అంటే, అది తన చుట్టూ తాను తిరగడానికి 5 గంటల 11 నిమిషాలే పడుతుంది, అంటే ఒక్క రాత్రిలో పూర్తి చుట్టు దొరికేస్తుంది. ఇంకా చాలా నల్లటి గ్రహశకలాలకు ఈ సౌకర్యం లేదు. ఉదాహరణకు 253 మథిల్డే ఒక్కసారి తిరగడానికి 17 రోజులకు పైగా పడుతుంది, కొత్తవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ముందు రోజు ఖాయం చేసుకోండి

సిల్వియా సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో (దీన్ని అపోజిషన్ అంటారు) మనకు బాగా దగ్గరగా ఉంటుంది, రాత్రంతా ఆకాశంలో ఉంటుంది, అర్ధరాత్రి దగ్గర ఆకాశంలో బాగా ఎత్తుకు వస్తుంది. ఇది దాదాపు 14 నెలలకు ఒకసారి వస్తుంది. అందుకే ప్రతిసారీ క్యాలెండర్లో రెండు నెలలు ముందుకు జరుగుతుంది. ఒకసారి వానాకాలంలో పడితే ఏం చేయలేం, తర్వాతి దానికో ఆ తర్వాతి దానికో మబ్బులు విడిచిన నెలల్లోకి వస్తుంది. నవంబరు నుంచి మార్చి మధ్యలో పడితే మాత్రం అస్సలు వదులుకోవద్దు.

తేదీ కోసం, గ్రహాలు, గ్రహశకలాలు ఎప్పుడు ఎక్కడుంటాయో లెక్కగట్టి ఇచ్చే నాసా జేపీఎల్ వాళ్ళ హొరైజన్స్ పేజీ తెరవండి, ఉచితమే. వస్తువు పేరు దగ్గర సిల్వియా అని ఇంగ్లీషులో కొట్టండి, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి, ఏడాదికి సరిపడా రోజుకొక వరుస చొప్పున పట్టిక తెప్పించుకోండి. అందులో మ్యాగ్నిట్యూడ్, అంటే వెలుగును కొలిచే అంకె, ఎప్పుడు బాగా తగ్గుతుందో చూడండి (అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు). మంచి రోజుల్లో సిల్వియా 12 మ్యాగ్నిట్యూడ్‌కి అటూ ఇటూ ఉంటుంది. ఆ రోజుకు ముందూ వెనకా రెండు వారాల్లో చంద్రుడు లేని, లేదా దూరంగా ఉన్న రాత్రులు ఎంచుకోండి. పౌర్ణమి దగ్గర రాత్రులు దండగ.

ఇంకొకటి కూడా చూడాలి, చాలా గైడ్లలో దీన్ని రాయరు. ఆ రాత్రి సిల్వియా వెళ్ళే దారిలో మసక నక్షత్రాలు ఏమైనా ఉన్నాయా? గంటకు దాదాపు అర ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) చొప్పున అది కదులుతుంది, రోజంతటికీ కలిపి చంద్రబింబంలో మూడో వంతు దూరం. ఏదైనా చిన్న నక్షత్రం మీదుగా పోతే ఆ వెలుగు కూడా కలిసిపోయి, చివర్లో మనం గీసే వెలుగు గ్రాఫ్‌లో లేని గుట్ట ఒకటి పుట్టుకొస్తుంది. అలాదిన్ అనే ఉచిత ఆకాశ పటంలో ఆ చోటు తెరిచి దారి పరిశీలించండి. ధనుస్సు, వృశ్చికం వైపు పాలపుంత దట్టంగా ఉండే చోట ఉంటే ఇబ్బంది ఎక్కువ, అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరుపుకుంటే సరిపోతుంది.

సామాను

కంటితోనే చూస్తానంటే 8 అంగుళాల టెలిస్కోప్, ఊరికి దూరంగా చీకటి చోటు కావాలి. చూడటం అదొక ఆనందమే, పాగ్సన్ చూసినట్టే చూస్తారు. కానీ కొలవాలంటే కెమెరా తప్పదు.

కెమెరా ఉంటే అంత పెద్ద టెలిస్కోప్ అక్కర్లేదు. 5 లేదా 6 అంగుళాల టెలిస్కోప్, నక్షత్రాలతో పాటు తిరిగే మోటారు మౌంట్, ఒక మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే హాయిగా పని అవుతుంది. ఇప్పుడు వస్తున్న సీస్టార్ ఎస్50 లాంటి చిన్న స్మార్ట్ టెలిస్కోప్‌తో కూడా చేయొచ్చు, దాని కటకం 50 మిల్లీమీటర్లే అయినా పది సెకన్ల ఫోటోలు పన్నెండేసి కలిపితే 12 మ్యాగ్నిట్యూడ్ చుక్క కొలవడానికి పనికొచ్చేంత స్పష్టంగా వస్తుంది. అయితే సెట్టింగుల్లో ప్రతి ఫోటోనూ విడిగా దాచుకోమని పెట్టాలి, లేకపోతే అన్నీ కలిపేసిన ఒక్క బొమ్మే మిగులుతుంది, దానితో మనకు ఏ ఉపయోగమూ లేదు. మీ దగ్గర ఏమీ లేకపోతే కొత్తగా కొనే ముందు మీ ఊళ్ళో ఆకాశ పరిశీలకుల గుంపు ఏదైనా ఉందేమో కనుక్కోండి. సామాను ఉండి తోడు లేనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

మిగతావి: రాత్రంతా సరిపోయే బ్యాటరీ లేదా కరెంటు, చలికాలమైతే లెన్సు మీద మంచు పట్టకుండా వేడి చేసే డ్యూ హీటర్ పట్టీ, ఖాళీ మెమరీ కార్డు. ధనుర్మాసం రాత్రుల్లో తెల్లవారుజామున మంచు ఎంత వేగంగా దిగుతుందో తెలుసు కదా, హీటర్ లేకుండా మొదలుపెడితే మూడింటికే ఫోటోలు మసకబారిపోతాయి, సరిగ్గా చుట్టు పూర్తయ్యే సమయానికి.

చుక్కను గుర్తుపట్టడం

స్టెల్లేరియం అనే ఉచిత ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో గ్రహశకలాలు జోడించే ప్లగిన్ ఉంది, దానితో సిల్వియాను దించుకుని ఆ రాత్రి పటం చూడండి. టెలిస్కోప్‌ను ఆ వైపు తిప్పి ఒక ఫోటో తీయండి, అందులో చుక్కలన్నీ ఒకేలా ఉంటాయి. ఏది సిల్వియానో తెలియడానికి ఖాయమైన దారి, ఒక గంట ఆగి ఇంకో ఫోటో తీసి రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి తెర మీద చూడటం. నక్షత్రాలు కదలవు. ఒక్క చుక్క పక్కకు జరుగుతుంది. పాగ్సన్‌కి ఇదే గుర్తు, మీకూ ఇదే గుర్తు. ఇంకా అనుమానం ఉంటే ఆస్టాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఫోటో ఇవ్వండి, అది నక్షత్రాల అమరికను బట్టి ఆకాశంలో ఏ చోటో తేల్చి, గ్రహశకలాల పేర్లు కూడా బొమ్మ మీద రాసి చూపిస్తుంది.

రాత్రంతా ఫోటోలు

ఇక్కడ తొందర పనికిరాదు. సిల్వియా దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తుకు రాగానే మొదలుపెట్టండి, అంతకన్నా కింద గాలి, దుమ్ము వెలుగును తినేస్తాయి. కనీసం ఐదున్నర గంటలు ఆపకుండా తీయండి, ఆరు గంటలైతే ఇంకా మంచిది, ఎందుకంటే మొదట కొలిచిన ఎత్తుపల్లాలు చివర్లో మళ్ళీ అలాగే వస్తున్నాయా అని చూసుకోవచ్చు.

డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఒక్కో ఎక్స్‌పోజర్ 30 నుంచి 60 సెకన్లు చాలు, నిమిషంలో సిల్వియా అర ఆర్క్ సెకను (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను) కన్నా తక్కువే కదులుతుంది కాబట్టి గీతలా సాగదు. ఐఎస్ఓ 800 దగ్గర పెట్టి, రా ఫార్మాట్లోనే తీయండి. జేపీజీలో తీస్తే కెమెరా తన ఇష్టం వచ్చినట్టు వెలుగును సర్దేస్తుంది, ఇక కొలతకు విలువ ఉండదు. మొదటి ఫోటోలో సిల్వియాను, చుట్టుపక్కల కాస్త వెలుగున్న నక్షత్రాలను పరిశీలించి, పోల్చడానికి వాడబోయే నక్షత్రాల నడిమధ్య భాగం పూర్తిగా తెల్లబారిపోలేదని చూసుకోండి. తెల్లబారితే ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఒకసారి మొదలుపెట్టాక ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ మార్చొద్దు. ఫోకస్ మాత్రం గంటకోసారి చూసుకోండి, రాత్రి చల్లబడే కొద్దీ గొట్టం కుంచించుకుని ఫోకస్ జరుగుతుంది.

పని మొదలుపెట్టేటప్పుడో చివర్లోనో ఫ్లాట్స్, డార్క్స్ తీసుకోండి. డార్క్స్ అంటే మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో తీసే ఫోటోలు. ఫ్లాట్స్ అంటే సాయంత్రం ఆకాశం వైపో, తెల్లటి గుడ్డ కప్పి సమానమైన వెలుగు వైపో చూపించి తీసేవి. ఫ్లాట్స్ విసుగనిపించి చాలామంది వదిలేస్తారు, నా మాట వినండి, వదలొద్దు. లెన్సు అంచుల్లో వెలుగు తగ్గడం, సెన్సర్ మీద దుమ్ము మచ్చలు అన్నీ ఆరు గంటల్లో చుక్క జరిగే కొద్దీ కొలతలోకి దూరిపోతాయి, మనం వెతుకుతున్న తేడా దాదాపు అర మ్యాగ్నిట్యూడే.

గడియారం గురించి ఒక్క మాట. ల్యాప్‌టాప్ సమయాన్ని ఇంటర్నెట్‌తో సరిచేసుకోండి, డీఎస్‌ఎల్‌ఆర్ గడియారాన్ని కూడా చేత్తో సరిచేయండి. అన్నిటినీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి సమయం) రాయండి, మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే అదే యూటీసీ. ఎక్స్‌పోజర్ మధ్య క్షణాన్నే ఫోటో సమయంగా తీసుకోవాలి.

కొలత

మర్నాడు నిద్ర లేచాక చేయండి ఈ పని, నిద్రకళ్ళతో వద్దు. ఫోటోలకు డార్క్స్, ఫ్లాట్స్ సరిచేసి, డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఆకుపచ్చ రంగు పొరను మాత్రమే విడదీసి, ఆస్టాప్‌లో గానీ ఆస్ట్రోఇమేజ్‌జేలో గానీ తెరవండి. రెండూ ఉచితమే.

ఇప్పుడు సిల్వియా చుట్టూ ఒక చిన్న వృత్తం గీసి అందులో ఉన్న వెలుగంతా కూడి, దాని చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగును తీసేస్తారు, ఇది సాఫ్ట్‌వేర్ చేస్తుంది. వృత్తం ఎంత ఉండాలో మీరు చెప్పాలి. చుక్క వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వ్యాసార్ధం సాధారణంగా బాగుంటుంది. అదే ఫోటోలో ఉన్న నాలుగైదు నక్షత్రాలకు కూడా ఇదే చేయండి. వాటిని జాగ్రత్తగా ఎంచుకోవాలి: సిల్వియా కన్నా కొంచెం వెలుగ్గా ఉండాలి, రంగులో సూర్యుడి లాంటివి కావాలి, వెలుగు మారే నక్షత్రాలు కాకూడదు. సిల్వియా మనకు పంపేది సూర్యకాంతినే కదా, అందుకని రంగు కలిస్తే ఆకాశంలో ఎత్తు మారుతున్నప్పుడు రెండూ ఒకేలా తగ్గుతాయి, తేడా కొలతలోకి రాదు. గయా అంతరిక్ష టెలిస్కోప్ తయారుచేసిన నక్షత్రాల జాబితాలో ప్రతి నక్షత్రానికీ రంగు అంకె ఉంటుంది, బీపీ-ఆర్‌పీ విలువ 0.8 చుట్టుపక్కల ఉన్నవి తీసుకోండి.

ఇంకో నక్షత్రాన్ని పరీక్ష కోసం పక్కన పెట్టుకోండి. పోలిక నక్షత్రాలతో దాన్ని కొలిస్తే రాత్రంతా సమానంగా గీతలా రావాలి. అది ఊగుతుంటే తప్పు సిల్వియాది కాదు, మబ్బు తెర పడిందో ఫ్లాట్ సరిగా లేదో చూడండి.

గ్రాఫ్ చదవడం

అడ్డంగా సమయం, నిలువుగా మ్యాగ్నిట్యూడ్ పెట్టి గ్రాఫ్ గీయండి. అంతా సవ్యంగా ఉంటే ఐదు గంటల పదకొండు నిమిషాల్లో రెండు గుట్టలు, రెండు లోయలు కనిపిస్తాయి. ఒక్క చుట్టుకు రెండేసి ఎందుకు? సిల్వియా పొత్రంలా పొడుగ్గా ఉండి అడ్డంగా తిరుగుతోంది కాబట్టి, దాని పొడుగు పక్క ఒక చుట్టులో రెండుసార్లు మన వైపు వస్తుంది, కొస కూడా రెండుసార్లు వస్తుంది. పొడుగు పక్క కనిపించినప్పుడు ఎక్కువ వెలుగు, కొస కనిపించినప్పుడు తక్కువ. రెండు గుట్టలు అచ్చం ఒకేలా ఉండకపోవచ్చు, కంగారు పడకండి, దాని మీద ఎగుడుదిగుడులు ఉన్నాయి.

ఇప్పుడు అసలు లెక్క. గుట్టకూ లోయకూ మధ్య తేడా 0.4 మ్యాగ్నిట్యూడ్ వచ్చిందనుకోండి. దాన్ని 0.4 తో (తేడా ఎంత వచ్చినా గుణించేది ఈ అంకెతోనే) గుణిస్తే 0.16. పదిని 0.16 ఘాతానికి పెంచితే 1.45, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. అంటే గుట్ట దగ్గర వచ్చిన వెలుగు లోయ దగ్గర వెలుగుకు 1.45 రెట్లు. నలుపు అన్ని వైపులా ఒకటే అనుకుంటే, పొడవు వెడల్పు కన్నా కనీసం దాదాపు ఒకటిన్నర రెట్లు ఉందన్నమాట. పెద్ద టెలిస్కోపులతో తీసిన చిత్రాల నుంచి, ఇలాంటి వెలుగు గ్రాఫుల నుంచి తేల్చిన ఆకారం సుమారు 360, 250, 190 కిలోమీటర్లు. మొదటిదాన్ని రెండోదాంతో భాగించి చూడండి, మీ డాబా మీద లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో తెలుస్తుంది.

ఈ లెక్కలో నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి ఉంది. మ్యాగ్నిట్యూడ్‌కీ వెలుగుకీ మధ్య ఈ సంబంధాన్ని, ఐదు మ్యాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు అన్న నియమాన్ని, 1856లో ప్రతిపాదించింది ఈ పాగ్సనే. మద్రాసుకు రావడానికి ముందు. పదేళ్ళ తర్వాత ఆయన కనిపెట్టిన గ్రహశకలాన్ని మీరు ఆయన కొలబద్దతోనే కొలుస్తున్నారు.

వీలైతే మర్నాడు రాత్రి కూడా తీయండి. 24 గంటల్లో సిల్వియా నాలుగు చుట్లు పూర్తి చేసి ఐదో చుట్టులో సగం దాటుతుంది, కాబట్టి అదే సమయానికి మొదలుపెట్టినా దాని వేరే పక్క మీకు కనిపిస్తుంది, మొదటి రాత్రి మబ్బు వల్ల పోయిన ముక్క ఇక్కడ దొరకవచ్చు. రెండు రాత్రుల కొలతలను 5.184 గంటల (అంటే ఒక్క చుట్టు సమయం) చొప్పున మడిచి ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కోవాలి. నెలల తేడాతో తీసినవి కలిపేటప్పుడు మాత్రం వెలుగు మన దాకా రావడానికి పట్టే సమయాన్ని తీసేయండి, అపోజిషన్ దగ్గర అది దాదాపు 20 నిమిషాలు, దూరం పెరిగితే ఇంకా ఎక్కువ.

మరి దాని చందమామలు?

సిల్వియాకు రెండు బుల్లి చందమామలున్నాయి, రోములస్, రెమస్. మొదటిది 2001లో హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో దొరికింది. రెండోది బయటపడింది 2005లో, దాంతో రెండు చందమామలున్నట్టు తెలిసిన తొలి గ్రహశకలం ఇదే అయింది. రోములస్ సిల్వియాకు 1,360 కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది, మన దగ్గర నుంచి చూస్తే ఆ ఎడం ఒక ఆర్క్ సెకను కూడా కాదు, పైగా సిల్వియా వెలుగు ముందు అది దాదాపు ఏమీ కాదు. ఇంటి టెలిస్కోప్‌తో ఫోటోలో రాదు, ఆశ పెట్టుకోకండి.

వేరే దారి మాత్రం ఉంది. సిల్వియా ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఆ నీడ భూమి మీద ఒక పట్టీలా పరిగెడుతుంది, ఆ దారిలో ఉన్నవాళ్ళకు నక్షత్రం కొన్ని సెకన్లు మాయమవుతుంది. 2013 జనవరి 6న యూరప్‌లో ఇలా జరిగినప్పుడు కొందరు పరిశీలకులకు రోములస్ నీడ కూడా చిక్కింది. ఇలాంటి నీడల దారులను ముందే లెక్కగట్టి చూపించే అకల్ట్ వాచర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు అందులో పెట్టి ఉంచుకోండి.

కొలతలు మీ దగ్గరే ఉంచుకోవద్దు. ఆల్‌క్‌డెఫ్ అనే బహిరంగ నిల్వ ఉంది, గ్రహశకలాల వెలుగు కొలతలన్నీ అక్కడ చేరతాయి, ఎవరైనా పంపవచ్చు. సమయం, మ్యాగ్నిట్యూడ్, లోపం అంచనా, వాడిన ఫిల్టర్, పోలిక నక్షత్రాల వివరాలు వాళ్ళు చెప్పిన వరుసలో రాసి ఎక్కించండి. మీ గ్రాఫ్ కొంచెం గజిబిజిగా ఉన్నా పర్వాలేదు, లోపం అంచనా నిజాయితీగా రాస్తే దానికీ విలువ ఉంటుంది. మర్నాడే తర్వాతి అపోజిషన్ తేదీ కూడా హొరైజన్స్‌లో చూసి రాసుకోండి, ఎందుకంటే 14 నెలల తర్వాత మనం సిల్వియాను వేరే కోణం నుంచి చూస్తాం, గుట్టల ఎత్తు మారుతుంది, ఆ మార్పు నుంచే దాని ఇరుసు ఎటు వాలి ఉందో, మూడో కొలత ఎంతో తేల్చగలం. ఒక్క కోణం నుంచి తీసిన గ్రాఫ్‌తో ఆ రెండూ రావు.